ఆరు గంటల పొగ

పాలకు పొగ వాసన పట్టిందంటే ఇంట్లో పెద్ద గొడవే. అన్నం అడుగంటితే వీధి చివరిదాకా తెలిసిపోతుంది. కానీ దాలిలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, ఎర్రటి మీగడ కట్టిన పాల దగ్గరికి వచ్చేసరికి అందరూ మాట మార్చేస్తారు. ఆ పాలు తోడుపెట్టిన పెరుగులో, ఆ వెన్న కాచిన నెయ్యిలో లీలగా ఓ పొగ జాడ ఉంటుంది. అది లేకపోతే రుచే లేదనేవాళ్లు తెలుగు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. పొగ మంచిదా, చెడ్డదా అనే ప్రశ్నకు జవాబు ఒక్కటే... ఎంత?

సరిగ్గా ఈ ‘ఎంత’ అనే లెక్క మీద బతుకుతున్న ఊరొకటి స్కాట్లాండ్‌లో ఉంది. పేరు క్యాంబెల్‌టౌన్. నైరుతి దిక్కున సముద్రంలోకి వేలులా చొచ్చుకుపోయిన కింటైర్ ద్వీపకల్పం చివర్లో ఉంటుంది. పాల్ మెకార్ట్‌నీ బృందం ‘వింగ్స్’ 1977లో విడుదల చేసిన ‘మల్ ఆఫ్ కింటైర్’ పాట ఈ నేల మీద కట్టిందే. ఆ పాటలో బ్యాగ్‌పైపులు ఊదింది ఈ ఊరి బృందమే. అయితే విస్కీ తెలిసినవాళ్లకు ఈ ఊరి పేరు వింటే పాటకంటే ముందు గుర్తొచ్చేది 1828లో మొదలైన స్ప్రింగ్‌బ్యాంక్ డిస్టిలరీ.

స్ప్రింగ్‌బ్యాంక్ తయారుచేసేది సింగిల్ మాల్ట్. అంటే మొలకెత్తించిన బార్లీ తప్ప మరే ధాన్యమూ కలపకుండా, ఒకే డిస్టిలరీలో, రాగి బట్టీల్లో దింపిన విస్కీ. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు స్కాట్లాండ్ గడ్డమీదే నిల్వ ఉండాలి. భారతదేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సీసాల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ నుంచో, ధాన్యం నుంచో తీసిన రుచీపచీ లేని స్పిరిట్. అందుకే అక్కడ సోడా, ఐసు, మిరపకాయ బజ్జీ... అన్నీ కావాలి. ఇక్కడ వ్యవహారం వేరు. గ్లాసులో ఉన్నదానికి చెప్పాల్సిన కథ చాలా ఉంది. ఆ కథలో మొదటి పాత్ర పొగ.

నేలలోంచి తవ్విన పొగ

ఈ పొగ పుట్టేది పీట్ అనే ఇంధనం నుంచి. చల్లటి, తడి నేలల్లో నాచు, గడ్డి, హెదర్ పొదలు చచ్చిపోయాక పూర్తిగా కుళ్లిపోవు. నీళ్లలో నానుతూ, గాలి తగలక, పొరమీద పొరగా పేరుకుంటాయి. అలా వేల ఏళ్లకు నల్లటి మెత్తటి మట్టిలా తయారవుతుంది. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వేస్తారు. చెట్లు తక్కువ, చలి ఎక్కువ ఉన్న స్కాట్లాండ్ పల్లెల్లో తరతరాలుగా వంటకూ, చలికాగడానికీ అదే దిక్కు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టడానికీ అదే వాడారు. రుచి కోసం ఎవరూ మొదలుపెట్టలేదు. చేతికందిన కట్టెల్లాంటిది కాబట్టి కాల్చారు. తర్వాత బొగ్గు వచ్చింది, చమురు వచ్చింది. ఇక పీట్‌తో పనిలేదు అనుకునే సమయానికి పొగ నాలుకలకు అలవాటైపోయింది!

పొగలో ఉండే అసలు సరుకు ఫినాల్స్ అనే రసాయనాలు. ఫినాయిల్ పేరు విన్నవాళ్లకు ఈ కుటుంబం కొత్తేమీ కాదు. ఇందులో గ్వాయకాల్ అనేది కట్టెల పొయ్యి వాసన ఇస్తుంది. క్రెసాల్స్ తారునూ, ఆసుపత్రినీ గుర్తుచేస్తాయి. ఐలా ద్వీపంలో తయారయ్యే లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ లాంటి విస్కీలను మొదటిసారి తాగినవాళ్లు ‘ఇదేమిటి, గాయానికి రాసే మందులా ఉంది’ అని మొహం చిట్లించడం వెనుక ఉన్న సంగతి ఇదే.

మాల్ట్‌లో ఫినాల్స్ ఎంతున్నాయో పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు అని లెక్కగడతారు. దీన్నే పీపీఎం అంటారు. ఆర్డ్‌బెగ్ మాల్ట్ సుమారు 55. ఐలాలోనే తయారయ్యే ఆక్టోమోర్ అయితే వంద దాటేసింది. కారం పందెం వేసుకుని మిరపకాయలు నమిలేవాళ్లలాగే, పొగ పందెం వేసుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకీ అంకెలే ముఖ్యం. కానీ ఈ అంకె మాల్ట్‌ది. సీసాలోది కాదు. బార్లీని మర ఆడించి, ఉడికించి, పులియబెట్టి, బట్టీ పట్టేసరికి అందులో చాలా భాగం రాలిపోతుంది. కాబట్టి పీపీఎం చూసి విస్కీ రుచి చెప్పడం, ఉప్పు డబ్బా సైజు చూసి పప్పు రుచి చెప్పడం లాంటిదే.

గడియారం చెప్పే తేడా

స్ప్రింగ్‌బ్యాంక్ ఈ పందెంలో లేదు. దాని మాల్ట్ పీపీఎం పది, పదిహేను మధ్య ఉంటుంది. ‘తేలికపాటి పొగ’ అనే వరసలో వేస్తారు. తేలిక అన్నది రుచికే. చేయడం మాత్రం ఏమంత తేలిక కాదు.

ఈ డిస్టిలరీ తనకు కావాల్సిన బార్లీ మొత్తాన్నీ తన నేలమీదే మొలకెత్తిస్తుంది. స్కాట్లాండ్‌లో ఎక్కువ డిస్టిలరీలు పెద్ద పెద్ద యంత్రాల కర్మాగారాల నుంచి మాల్ట్ కొనుక్కుంటాయి. ఇక్కడ మాత్రం నానబెట్టిన బార్లీని రాతి నేలమీద పరుపులా పరిచి, మొలకలు ఒకదానికొకటి చిక్కుకోకుండా, వేడెక్కకుండా రాత్రీపగలూ మనుషులే తిరగేస్తుంటారు. వెనకటి రోజుల్లో చెక్క పారలతో ఏళ్ల తరబడి ఈ పనిచేసినవాళ్లకు ఒక భుజం వాలిపోయేది. దానికి ‘కోతి భుజం’ అని పేరు కూడా పెట్టారు.

మొలకెత్తిన బార్లీ తడితడిగా ఉన్నప్పుడే కిల్న్‌లోకి వెళ్తుంది. కిల్న్ అంటే కింద మంట, పైన చిల్లుల నేల ఉండే ఆరబెట్టే గది. గింజ తడిగా ఉన్నప్పుడు పొగను బాగా పట్టుకుంటుంది. ఆరాక పెద్దగా పట్టుకోదు. అందుకే పొగ ముందు, వేడిగాలి తర్వాత. స్ప్రింగ్‌బ్యాంక్ కోసం పీట్ పొగ పెట్టేది సుమారు ఆరు గంటలు. ఆ తర్వాత పీట్ ఆపేసి ఉత్త వేడిగాలితో ఆరబెడతారు.

ఇదే చోట, ఇదే కిల్న్‌లో మరో రెండు రకాలు కూడా తయారవుతాయి. ఒకటి లాంగ్‌రో. దీనికి మొదటి నుంచి చివరి దాకా పీటే. 48 గంటల వరకు పొగలోనే మగ్గుతుంది. రెండోది హేజిల్‌బర్న్. దీనికి పొగ సున్నా. ఉత్త వేడిగాలి. ఊరు ఒకటే, నీళ్లు ఒకటే, మనుషులూ వాళ్లే. మారేదల్లా పొగ పెట్టిన గంటలూ, బట్టీ ఎక్కించిన సార్లూ. హేజిల్‌బర్న్ మూడుసార్లు, లాంగ్‌రో రెండుసార్లు బట్టీ ఎక్కుతాయి. స్ప్రింగ్‌బ్యాంక్‌లో కొంత ద్రవం రెండుసార్లు, కొంత మూడుసార్లు వెళ్తుంది. లెక్కవేసి ‘రెండున్నర సార్లు’ అంటారు. పొగ ఏం చేస్తుందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ మూడు సీసాలకు మించిన పాఠ్యపుస్తకం లేదు.

బట్టీ దగ్గరా మరో లెక్క ఉంది. మొదట కారేది ఘాటైన వాసన, పనికిరాదు. చివర్లో కారేది బరువు, అదీ పనికిరాదు. మధ్యలోదే పీపాలకు వెళ్తుంది. ఫినాల్స్‌లో ఎక్కువ పాలు వచ్చేది ఆ చివరివైపే. ధారను కాస్త ముందే తెగ్గొడితే పొగ పల్చన. ఆలస్యం చేస్తే పొగతోపాటు రానివ్వకూడనివీ వస్తాయి. కిల్న్ దగ్గరైనా, బట్టీ దగ్గరైనా పనితనమంతా ఎక్కడ ఆపాలో తెలియడంలోనే ఉంది.

గ్లాసు ముందు కూర్చుంటే...

ఇంత కథ నడిచాక గ్లాసులోకి వచ్చే పదేళ్ల స్ప్రింగ్‌బ్యాంక్ ఎలా ఉంటుంది? చూపుకి పెద్ద హంగేమీ లేదు. ఎండుగడ్డిని నానబెట్టిన నీళ్లలా లేత పసుపు. రంగు కోసం కారమెల్ కలపరు. ఆల్కహాల్ 46 శాతం.

వాసన, రుచి చూడడానికి ఇరవై మిల్లీలీటర్లు చాలు. పెగ్గు కూడా అక్కర్లేదు. మద్యం ఎంత తగ్గితే ఒంటికి అంత మంచిదన్న వైద్యుల మాటకీ, రుచి ఎరిగినవాళ్ల మాటకీ పొత్తు కుదిరే చోటు ఇదొక్కటే. గ్లాసు కింద లావుగా, పైన సన్నగా తులిప్ పువ్వులా ఉంటే మేలు. వాసన చెదిరిపోకుండా ముక్కుకు అందుతుంది. ముక్కును ఒక్కసారిగా గ్లాసులో పెట్టేస్తే ఆల్కహాల్ కొడుతుంది, ఆ తర్వాత ఇంకేమీ తెలియదు. గ్లాసు గడ్డం దగ్గర పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మెల్లగా పైకి తేవాలి.

ముందు తగిలేది పొగ కాదు. పండిన బేరిపండు, నిమ్మతొక్క, వెనిలా, అప్పుడే దించిన బార్లీ పేలాల వాసన. ఇందులో వెనిలా బోర్బన్ విస్కీ నిల్వచేసిన పాత అమెరికన్ ఓక్ పీపాలు ఇచ్చింది. కాస్త ఎండుద్రాక్ష తీపి తగిలితే అది షెర్రీ వైన్ పీపాల పుణ్యం. పొగ ఎక్కడ అని వెతుకుతుంటే ఒకటి రెండు నిమిషాలకు వెనక నుంచి వస్తుంది. నాలుగిళ్ల అవతల ఎవరో చెత్త కాదు, ఎండుటాకులు తగలబెట్టినట్టు. దానితోపాటు తడి తాళ్లు, రేవు, ఉప్పుగాలి గుర్తొస్తాయి.

మొదటి గుక్క నోటిని అలవాటు చేయడానికి. రుచి రెండో గుక్కలో తెలుస్తుంది. నాలుక మీద కొంచెం నూనెలా జారుతుంది. ముందు తీపి, వెంటనే మిరియాల లాంటి చురుకు, ఆపైన ఉప్పదనం. మింగాక గొంతులోంచి పొగ పైకి వస్తుంది. పైకి వచ్చి మిగతా రుచుల మీద కూర్చోదు. వాటి వెనకాల నిలబడుతుంది. అది లేకపోతే ఈ తీపి వెగటుగా ఉండేది. ఎక్కువైతే బేరిపండు, నిమ్మతొక్క చచ్చిపోయేవి. పులుసులో బెల్లం ముక్క చేసే పనే ఇక్కడ పొగ చేస్తోంది. ఉందని ఎవరూ అనరు. లేకపోతే మాత్రం ఏదో తక్కువైందంటారు.

ఇప్పుడు నాలుగైదు చుక్కల నీళ్లు. ‘నీళ్లు కలిపితే విస్కీ పాడు’ అని బల్లగుద్ది చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. స్వీడన్‌లోని లినేయస్ యూనివర్సిటీకి చెందిన బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ 2017లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వాళ్లకు జవాబులాంటి పరిశోధన ప్రచురించారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అణువు నీళ్లు, ఆల్కహాల్ మిశ్రమంలో ఎక్కడుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టారు. ఆల్కహాల్ 59 శాతం దాటితే అది ఆల్కహాల్ అణువుల మధ్య లోపల చిక్కుకుంటుంది. 45 శాతం, అంతకంటే తక్కువైతే పైకి తేలి గాలి తగిలే చోట ఉంటుంది. అంటే ముక్కుకు దగ్గరగా! నాలుగు చుక్కల నీళ్లు పొగను చంపవు, పైకి పిలుస్తాయి. నిలువునా పోస్తే మాత్రం అన్నీ పల్చబడతాయి. ఐసు వేస్తే చలికి వాసనలన్నీ ముడుచుకుపోతాయి.

నీళ్లు పడ్డాక, చల్లబడ్డాక ఈ విస్కీ కొంచెం మబ్బు పట్టినట్టు కనిపించవచ్చు. కల్తీ అని కంగారుపడక్కర్లేదు. చాలా కంపెనీలు సీసా తళతళలాడాలని విస్కీని అతిగా చల్లబరిచి, అందులోని కొవ్వు పదార్థాలను వడగట్టేస్తాయి. స్ప్రింగ్‌బ్యాంక్ ఆ పని చేయదు. నాలుక మీద నూనెలా జారిన సుఖం ఆ కొవ్వుదే.

తొందర తెచ్చిన చేటు

ఇంత ఓపిక ఈ ఊరికి పుట్టుకతో వచ్చింది కాదు. 1880లలో బ్రిటన్ డిస్టిలరీలన్నీ చుట్టివచ్చిన ఆల్‌ఫ్రెడ్ బర్నార్డ్ ఒక్క క్యాంబెల్‌టౌన్‌లోనే 21 డిస్టిలరీలు చూసి పుస్తకంలో రాశాడు. చిన్న రేవు పట్టణంలో ఇరవై ఒక్క పొగగొట్టాలు! విస్కీ ఓడలెక్కి గ్లాస్గోకీ, అమెరికాకీ వెళ్లేది. గిరాకీ పెరిగేకొద్దీ తొందర పెరిగింది. తొందరతోపాటు నాణ్యత జారిందన్న పేరొచ్చింది. హెర్రింగ్ చేపల పీపాల్లో విస్కీ పోశారన్న మాట అప్పట్లో పుట్టింది. నిజమా, పుకారా అన్నది పక్కనపెడితే, కొనేవాళ్లు మొహం తిప్పుకోవడానికి ఆ మాట చాలింది. అదే సమయంలో విస్కీలు కలిపి అమ్మే బ్లెండింగ్ కంపెనీలు బరువైన క్యాంబెల్‌టౌన్ సరుకు వదిలి, తేలికైన స్పేసైడ్ మాల్ట్‌ల వైపు మళ్లాయి. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. 1923లో ఊరి పక్కనున్న బొగ్గు గని మూతపడింది. దెబ్బమీద దెబ్బ. 1930ల మధ్యకు మిగిలినవి రెండే. స్ప్రింగ్‌బ్యాంక్, గ్లెన్ స్కోషియా.

స్ప్రింగ్‌బ్యాంక్‌కీ గడ్డురోజులు తప్పలేదు. 1979లో బట్టీలు చల్లారాయి. మళ్లీ వెలగడానికి 1980ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది. సొంత నేలమీద బార్లీ మొలకెత్తించడం 1992లో తిరిగి మొదలుపెట్టారు. అందరూ ఖర్చు తగ్గించుకోవడానికి మనుషులను తీసేసి యంత్రాలు పెడుతున్న రోజులవి. మొలక నుంచి సీసా మీద చీటీ దాకా అన్నీ ఒక్కచోటే జరగాలని వీళ్లు ఎదురు నడిచారు. అలా చేస్తే ఎక్కువ మంది కావాలి. ఆ ఎక్కువ మంది ఊరివాళ్లే. రైలు లేని, పెద్ద ఫ్యాక్టరీలు లేని ఊళ్లో ఆ జీతాలే కొన్ని ఇళ్లను నిలబెట్టాయి.

క్యాంబెల్‌టౌన్‌ను విస్కీ పటంలో ప్రత్యేక ప్రాంతంగా ఉంచాలా అన్న చర్చ ఒక దశలో నడిచింది. రెండు డిస్టిలరీలకు ప్రాంతం హోదా ఎందుకన్నారు. స్ప్రింగ్‌బ్యాంక్ యజమానులు 1925 నుంచి మూతపడి ఉన్న గ్లెన్‌గైల్‌ను బాగుచేసి 2004లో తెరిచారు. మూడో పొగగొట్టం లేచింది. హోదా నిలిచింది. అక్కడి విస్కీ కిల్‌కెర్రన్ పేరుతో వస్తుంది. అదీ తేలికపాటి పొగదే.

ఆగడం ఎక్కడ?

పొగ కథలో చేదు నిజం ఒకటుంది. పీట్ నేల పెరిగేది ఏడాదికి ఒక మిల్లీమీటరు. మీటరు మందం తయారవడానికి వెయ్యేళ్లు. కిల్న్‌లో అది గంటల్లో బూడిద. పైగా ఈ నేలలు భూమ్మీద మూడు శాతమే ఉన్నా, ప్రపంచంలోని అడవులన్నీ కలిపి దాచుకున్న కర్బనం కంటే ఎక్కువ దాచుకున్నాయి. తవ్వి ఆరబెడితే అదంతా గాలిలో కలుస్తుంది. పీట్ తవ్వకంలో విస్కీది చిన్న వాటాయే. తోటల మట్టి కోసం తవ్వేది చాలా ఎక్కువ. అయినా విస్కీ కంపెనీలకు ఈ ప్రశ్న తప్పదు. వంద పీపీఎం పందెం వేసేవాళ్లకంటే, ఆరు గంటలకే చాలు అనేవాళ్ల దగ్గర దానికి కాస్త మర్యాదైన జవాబుంది.

ఈ ప్రశ్న భారతదేశానికి దూరమేమీ కాదు. 2024లో సుమారు 19.2 కోట్ల సీసాల స్కాచ్ దిగుమతితో పరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మార్కెట్‌గా నిలిచింది. ఇందులో ఎక్కువ భాగం బ్లెండెడ్ సరుకే. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం 150 శాతం సుంకం ముందు 75కి, పదేళ్లలో 40కి దిగాలి. బెంగళూరు అమృత్ డిస్టిలరీ 2004లోనే తన సింగిల్ మాల్ట్‌ను గ్లాస్గోకు పట్టుకెళ్లి స్కాట్లాండ్‌వాళ్ల చేత తాగించింది. దాని ‘ఫ్యూజన్’లో భారతీయ బార్లీతోపాటు పొగ పట్టించిన స్కాటిష్ బార్లీ పావు వంతు ఉంటుంది. అక్కడా మోతాదే మంత్రం.

స్ప్రింగ్‌బ్యాంక్ సీసా దొరకడం సులువు కాదు. గిరాకీకి తగ్గట్టు ఉత్పత్తి పెంచడానికి ఆ డిస్టిలరీ తొందరపడదు. దొరకనప్పుడు కిల్‌కెర్రన్, ఆర్డ్‌మోర్, బెన్రోమక్, ఆర్క్‌నీ దీవుల హైలాండ్ పార్క్ ఉన్నాయి. ఒక్కోదాని పొగ ఒక్కో తీరు. ఆర్క్‌నీలో చెట్లు అరుదు. అక్కడి పీట్ నిండా హెదరే. పొగలో పువ్వుల తీపి తగులుతుందంటారు.

ఏది దొరికినా ఒక పని చేయవచ్చు. తాగేశాక గ్లాసు కడగకుండా అలాగే వదిలేసి, మర్నాడు పొద్దున వాసన చూడాలి. ఆల్కహాల్ రాత్రే ఎగిరిపోయి ఉంటుంది. పండ్లూ, వెనిలా కూడా చాలావరకు సెలవు తీసుకుని ఉంటాయి. తొందరగా ఆవిరవని ఫినాల్స్ మాత్రం గాజును పట్టుకుని ఉంటాయి. చల్లారిన పొయ్యి, కాస్త బార్లీ, కాస్త ఉప్పు. క్యాంబెల్‌టౌన్ కిల్న్‌లో పదేళ్ల కిందట ఎవరో ఆరు గంటలు పెట్టి ఆపేసిన పొగ అది.